విసనకర్ర ఇంజన్ కథ: అంజానీ విమాన ఇంజన్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విమానాల చరిత్ర అనగానే రైట్ సోదరులు, బ్లేరియో లాంటి పేర్లు వెంటనే వస్తాయి. వాళ్ల ముందు తిరిగిన ఇంజన్ ఎవరు చేశారన్నది చాలామంది అడగరు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ ప్రశ్నే ముందు వస్తుంది. 1909లో ఫ్రాన్స్, ఇంగ్లండ్‌ల మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానల్ సముద్రాన్ని బ్లేరియో చేత మొదటిసారి విమానంలో దాటించిన 25 హెచ్‌పీ అంజానీ ఇంజన్ పారిస్ శివారులో ఒక మోటార్‌సైకిల్ రేసర్ పెట్టిన చిన్న ఫ్యాక్టరీలో తయారైంది. ఆ ఫ్యాక్టరీ గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

అంజానీ అంటే మనిషి పేరా, కంపెనీ పేరా?

రెండూ. అలెసాండ్రో అంజానీ 1877లో ఇటలీలోని మిలాన్‌లో పుట్టాడు. మొదట సైకిల్ రేసులు, తర్వాత మోటార్‌సైకిల్ రేసులు. ఆ పిచ్చితోనే ఫ్రాన్స్ వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. 1907లో పారిస్‌ని ఆనుకుని ఉన్న కుర్బవ్వాలో సొంతంగా ఇంజన్ల ఫ్యాక్టరీ పెట్టాడు. 1956లో ఫ్రాన్స్‌లోనే చనిపోయాడు. ఇంజన్‌ని కాగితం మీద గీయక ముందే దాని మీద కూర్చుని నడిపిన మనిషి. అతని ఇంజన్లు అలా ఎందుకు ఉంటాయో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బైకుల మనిషి విమానాల్లోకి ఎలా వచ్చాడు?

ఆ రోజుల్లో ఈ రెండు లోకాల మధ్య ఇప్పుడున్నంత దూరం లేదు. విమానం కట్టేవాళ్లకి కావలసింది తేలికైన పెట్రోలు ఇంజన్. కార్ల ఇంజన్లు శక్తి ఇచ్చేవి కానీ నీళ్లు, రేడియేటర్, పెద్ద క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగున ఉండే పెట్టె) అన్నీ కలిసి బరువెక్కేవి. గాలితోనే చల్లబడే తేలికైన ఇంజన్లు చేస్తున్నది మోటార్‌సైకిళ్ల వాళ్లే. అందుకే తొలి విమాన ఇంజన్లలో చాలావాటికి వంశవృక్షం గీస్తే ఎక్కడో ఒక చోట బైకు తగులుతుంది.

1906లో జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. ఎర్నెస్ట్ ఆర్క్‌డీకన్ అనే ధనవంతుడు ఫ్రాన్స్‌లో విమానాల ప్రయోగాలకు దగ్గరుండి డబ్బు పెట్టేవాడు. ఆయన కోసం ప్రొపెల్లర్‌తో నడిచే ఒక మోటార్‌సైకిల్ తయారైంది. చక్రానికి చైన్ లేదు, ముందు తిరిగే ప్రొపెల్లరే బండిని లాగుతుంది. దాన్ని నడిపింది అంజానీయే. గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగం వచ్చింది. రోడ్డు మీద పరిగెత్తిన విమానం అనుకోవచ్చు. ప్రొపెల్లర్‌కి ఇంజన్ ఎలా సరిపోవాలో అతనికి అక్కడే చేతికి తెలిసి ఉంటుందని నా నమ్మకం.

25 హెచ్‌పీతో విమానం ఎగిరిందంటే నమ్మాలా?

నమ్మాలి. మన పొలాల్లో బోరు మీద 5 హెచ్‌పీ మోటారు ఉంటుంది. అలాంటివి ఐదు కలిపితే ఎంతో, బ్లేరియో విమానం ముందున్న శక్తి అంత. ఇప్పటి బుల్లెట్ 350 బండి ఒక్కటే 20 హెచ్‌పీ ఇస్తుంది, అదీ 349 సీసీతో. అంజానీ ఇంజన్‌ది 3,377 సీసీ. దాదాపు పదింతలు పెద్దదై ఉండి కూడా శక్తి మాత్రం కొంచెమే ఎక్కువ.

అయినా ఈ పోలికలో ఒక మోసం ఉంది. బుల్లెట్ ఆ 20 హెచ్‌పీ ఇవ్వడానికి నిమిషానికి 6,000 పైచిలుకు చుట్లు తిరగాలి. అంజానీ 1,400 నుంచి 1,600 చుట్ల దగ్గరే తన శక్తంతా ఇస్తుంది. ప్రొపెల్లర్‌ని నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కే, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుకే, బిగించారు, మధ్యలో గేర్లు లేవు. చెక్క ప్రొపెల్లర్ బాగా పని చేసేది అలాంటి నిదానమైన వేగంలోనే. గేర్లు లేకపోతే బరువు తగ్గుతుంది, చెడిపోయే వస్తువు ఒకటి తగ్గుతుంది. విమానం కూడా తేలికైనదే. చెక్క ఫ్రేమ్, బిగించిన తీగలు, రెక్కల మీద గుడ్డ, ఒక్క మనిషి.

ఆ ఇంజన్ చూడటానికి ఎలా ఉంటుంది? ఎలా పని చేస్తుంది?

విప్పిన విసనకర్రలా ఉంటుంది. మూడు సిలిండర్లు. ఒకటి నిటారుగా పైకి, మిగతా రెండూ చెరో పక్కకి వాలి ఉంటాయి. కింది సగం ఖాళీ. అందుకే ఈ రకాన్ని ఫ్యాన్ ఇంజన్ అనేవారు. ఒక్కో సిలిండర్ లోపలి వెడల్పు 105 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 130 మిల్లీమీటర్లు. మొత్తం ఇంజన్ బరువు దాదాపు 65 కిలోలు.

కింది వైపు సిలిండర్ ఎందుకు పెట్టలేదంటే ఆయిల్ భయం. ఆ కాలపు ఇంజన్లలో ఆయిల్‌కి అదుపు తక్కువ. తలకిందులుగా ఉన్న సిలిండర్‌లోకి ఆయిల్ కారి స్పార్క్ ప్లగ్గుని తడిపేస్తుంది. ప్లగ్గు తడిస్తే మంట రాదు. పాత మోపెడ్ ప్లగ్గు విప్పి తుడిచి మళ్లీ బిగించినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ పని రోడ్డు పక్కన చేసుకోవచ్చు, సముద్రం మీద కుదరదు.

పిస్టన్లని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే మూడు కనెక్టింగ్ రాడ్లూ వచ్చి షాఫ్ట్ మీద ఒకే పిన్నుని పట్టుకుంటాయి. అందువల్ల క్రాంక్ షాఫ్ట్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వరసగా మూడు సిలిండర్లు పెట్టి ఉంటే షాఫ్ట్ పొడుగయ్యేది, కేస్ పొడుగయ్యేది, బరువు పెరిగేది. సిలిండర్లు పోత ఇనుముతో చేసినవి. చుట్టూ గాలికి వేడిని వదిలే పలచటి రెక్కలు, అంటే ఫిన్స్ ఉంటాయి. ప్రొపెల్లర్ తోసే గాలి, విమానం వేగానికి తగిలే గాలి, ఈ రెండే వాటిని చల్లబరచాలి.

నాకు అన్నిటికంటే నచ్చేది పెట్రోలు, గాలి కలిసి లోపలికి వచ్చే వాల్వ్. దాన్ని తెరవడానికి క్యామ్ (తిరుగుతూ వాల్వ్‌ని నెట్టే ఉబ్బెత్తు భాగం) లేదు, రాడ్ లేదు. సన్నటి స్ప్రింగ్ ఒకటే. పిస్టన్ కిందికి దిగుతూ లాగే ఊపుకి వాల్వ్ తనంత తానే తెరుచుకుంటుంది, లాగడం ఆగగానే స్ప్రింగ్ మూసేస్తుంది. మనం స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టే. పొగ బయటికి పోయే వాల్వ్‌కి మాత్రం క్యామ్ ఉంది. ఈ పద్ధతిలో భాగాలు తక్కువ, సర్దుబాటు తక్కువ. నష్టం కూడా ఉంది. వేగం పెంచితే ఆ స్ప్రింగ్ సమయానికి అందుకోలేదు. ఇంజన్‌కి అక్కడే ఒక పైకప్పు పడిపోతుంది.

సిలిండర్ కింద రంధ్రాలు ఉండేవట, నిజమేనా?

నిజమే. పిస్టన్ పూర్తిగా కిందికి వచ్చేసరికి సిలిండర్ గోడలో చిన్న రంధ్రాలు బయటపడతాయి. మండిన గ్యాస్‌లో కొంత వాటిలోంచి నేరుగా బయటికి పోతుంది. ఆ మేరకు పొగ వాల్వ్ మీద వేడి భారం తగ్గుతుంది. అప్పట్లో వాల్వ్‌లకి మంచి ఉక్కు దొరకడం కష్టం, ఎర్రగా కాలి వంగిపోయేవి. ఈ రంధ్రాలు దానికి మందు.

ఆ మందు ఖర్చంతా పైలట్ మీద పడేది. రంధ్రాల్లోంచి వేడి గ్యాస్‌తో పాటు ఆయిల్ తుంపరలు కూడా వచ్చేవి. ఇంజన్ ముందు, పైలట్ వెనక, మధ్యలో సరైన అడ్డు లేదు. దిగేసరికి మొహం, కోటు, కళ్లజోడు అన్నీ ఆయిలే.

బ్లేరియో ఈ ఇంజనే ఎందుకు తీసుకున్నాడు?

మొదట తీసుకున్నది ఇది కాదు. లూయీ బ్లేరియో కార్లకి ఎసిటిలీన్ హెడ్‌లైట్లు చేసి సంపాదించిన డబ్బంతా విమానాల మీద ఖర్చు పెట్టేశాడు. ఆయన 11వ నమూనా 1909 జనవరిలో మొదటిసారి ఎగిరినప్పుడు దానికి రాబర్ట్ ఎస్నో-పెల్టెరీ చేసిన ఏడు సిలిండర్ల ఇంజన్ ఉంది. కాగితం మీద 30 హెచ్‌పీ, అంజానీ కంటే ఎక్కువే. అయితే దాన్ని నమ్ముకుని దూరం పోలేకపోయాడు. మే నెలాఖరుకల్లా దాన్ని తీసేసి అంజానీ బిగించాడు. దానితో పాటే షోవియేర్ అనే తయారీదారు వాల్‌నట్ చెక్క పొరలు అతికించి చేసిన ప్రొపెల్లర్ పెట్టాడు.

ఈ రెండు మార్పులతోనే విమానం తీరు మారిపోయింది. నా ఉద్దేశంలో ప్రొపెల్లర్‌కి దక్కవలసిన పేరు దక్కలేదు. తక్కువ శక్తి ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి శక్తినీ వృథా కాకుండా గాలికి అందించే చెక్కే సగం ఇంజన్.

1909 జూలై 25న అసలు ఏం జరిగింది?

లండన్ పత్రిక డెయిలీ మెయిల్ ఛానల్ దాటినవాళ్లకి 1,000 పౌండ్లు ఇస్తామని ప్రకటించింది. కలే దగ్గర లె బారాక్ అనే చోట బ్లేరియో విమానం సిద్ధం చేసుకున్నాడు. అప్పటికి ఆయన కాలు కాలి ఉంది. అంతకు కొన్ని రోజుల ముందు వేరే విమానంలో పొగగొట్టం చుట్టూ ఉన్న ఆస్‌బెస్టాస్ జారిపోయి పాదం బాగా కాలింది. కర్రల సాయంతో నడుస్తూ వచ్చి విమానం ఎక్కాడు.

తెల్లవారి 4 గంటల 41 నిమిషాలకి లేచాడు. నీళ్ల మీద 75 మీటర్ల ఎత్తు, గంటకు 70 కిలోమీటర్ల పైన వేగం. దిక్సూచి లేదు. మధ్యలో కొంతసేపు ఏ వైపు చూసినా నేల కనిపించలేదు. చివరికి డోవర్ కోట దగ్గర గడ్డి మైదానంలో గాలికి కొట్టుకుంటూ బలంగా దిగాడు. చక్రాలు, ప్రొపెల్లర్ దెబ్బతిన్నాయి, ఆయనకి ఏమీ కాలేదు. ప్రయాణం 36 నిమిషాల 30 సెకన్లు. ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

వాన పడి ఇంజన్ చల్లబడింది కాబట్టే దాటగలిగాడంటారు కదా?

ఈ కథ ప్రతి చోటా ఉంటుంది. ఇంజన్ వేడెక్కి ఆగిపోబోతుంటే సరిగ్గా అప్పుడే వాన జల్లు పడి కాపాడిందంటారు. గాలితో చల్లబడే ఇనుప సిలిండర్ మీద నీళ్లు పడితే మేలు జరుగుతుంది, అందులో సందేహం లేదు. ఈ ఇంజన్లు వేడెక్కడం కూడా నిజమే.

అయితే నెల ముందు, జూన్ 26న, ఇదే విమానం ఇదే ఇంజన్‌తో దాదాపు 37 నిమిషాలు గాలిలో ఉంది. అంటే ఛానల్‌కి పట్టిన సమయం ఆ ఇంజన్ అప్పటికే ఒకసారి నడిచి చూపించింది. బ్లేరియో గుడ్డిగా దూకలేదు. ఇంజన్ ఎంతసేపు నడుస్తుందో చూసుకున్నాడు, దూరం ఎంతో లెక్క వేసుకున్నాడు, ఆ రెండూ దగ్గరగా వచ్చాక బయల్దేరాడు. వాన కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. దాని వల్ల కుర్బవ్వాలో ఆ సిలిండర్లని చెక్కి అమర్చిన మనుషుల పని పక్కకి పోతోందని నా బాధ.

పోటీలో ఉన్న లాతమ్ ఇంజన్ ఇంకా మంచిదంటారు. మరి అది ఎందుకు ఓడింది?

గొప్ప ఇంజనే. యూబెర్ లాతమ్ నడిపిన ఆంత్వానెత్ విమానంలో లెవావాస్యూర్ అనే ఇంజనీరు చేసిన 50 హెచ్‌పీ వి-8 ఉంది, అంటే వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు. కార్బ్యురేటర్ లేకుండా పెట్రోలుని నేరుగా పంపించే ఏర్పాటు, నీళ్లు ఆవిరై మళ్లీ నీళ్లుగా మారి ఇంజన్‌ని చల్లబరిచే పద్ధతి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఎన్నో ఏళ్లు ముందున్న ఆలోచన అది.

జూలై 19న లాతమ్ బయల్దేరాడు. మధ్యలో ఇంజన్ ఆగింది, విమానం నీళ్ల మీద వాలింది. రక్షించడానికి ఓడ వచ్చేసరికి ఆయన తేలుతున్న విమానం మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. బ్లేరియో దాటేసిన రెండు రోజులకి, జూలై 27న, మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి ఇంగ్లండ్ తీరం కళ్లముందు ఉండగా మళ్లీ ఇంజనే మోసం చేసింది.

ఆంత్వానెత్‌లో ప్రతి ఏర్పాటూ తెలివైనదే, కానీ ప్రతిదీ చెడిపోగల ఒక చోటు కూడా. అంజానీలో చెడిపోవడానికి ఉన్న వస్తువులే తక్కువ. ఆ వారం గెలిచింది తక్కువ వస్తువులున్న ఇంజన్.

ఛానల్ తర్వాత కంపెనీ పెరిగిందా?

పెరిగింది. సెప్టెంబరు చివరికి బ్లేరియోకి వందకు పైగా విమానాల ఆర్డర్లు వచ్చాయి. సొంతంగా విమానం కట్టుకోవాలనుకునే ఔత్సాహికులకి అంజానీ అందుబాటు ధరలో దొరికే ఇంజన్ అయింది.

అంజానీ ఆ పేరు మీద కూర్చోలేదు. విసనకర్ర ఆకారంలో ఒక లోపం ఉందని అతనికి తెలుసు. సిలిండర్లన్నీ ఒక వైపే ఉండటంతో వాటిలో పెట్రోలు మండే పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండదు. రెండు దగ్గర దగ్గరగా, తర్వాత ఒక ఖాళీ. దాంతో అదురు ఎక్కువ. అందుకని మూడు సిలిండర్లనీ 120 డిగ్రీల ఎడంతో చుట్టూ పెట్టాడు. ఇంగ్లిష్ అక్షరం వై ఆకారం వచ్చింది. ఇప్పుడు షాఫ్ట్ 240 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు, లెక్క తప్పదు. శక్తి 30, 35 హెచ్‌పీకి చేరింది.

తర్వాత వేసిన అడుగు నాకు మరీ ఇష్టం. అలాంటి వై రెండు తీసుకుని ఒకదాని వెనక ఒకటి పెట్టాడు. వెనక వరసని కొంచెం తిప్పి, ముందు సిలిండర్ల సందుల్లోంచి దానికి గాలి తగిలేలా చేశాడు. ఆరు సిలిండర్లు, రెండు వరసలు. ఇలా షాఫ్ట్ చుట్టూ సిలిండర్లు చక్రం ఆకుల్లా ఉండేదాన్ని రేడియల్ ఇంజన్ అంటారు. ప్రపంచంలో తొలి రెండు వరసల రేడియల్ ఇంజన్లలో అది ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం నాటి పెద్ద పెద్ద బాంబర్లని ఎగరేసింది ఈ ఆలోచనే. ఆ తర్వాత ఐదేసి సిలిండర్ల రెండు వరసలతో పది సిలిండర్ల ఇంజన్, 100 హెచ్‌పీకి అటూ ఇటూ. 20 సిలిండర్లతో 200 హెచ్‌పీ ఇంజన్ కూడా చేశాడు.

వరసకి మూడు, ఐదు... ఎప్పుడూ బేసి సంఖ్యే ఎందుకు?

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండర్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుతుంది. ఒకటి వదిలి ఒకటి పేల్చుకుంటూ పోతే, బేసి సంఖ్య ఉన్నప్పుడు రెండు చుట్లలో అందరి వంతూ సమానమైన ఎడంతో వస్తుంది. సరి సంఖ్య అయితే మొదటి చుట్టు చివర లెక్క తప్పుతుంది. వేళ్ల మీద ఐదు వరకు లెక్కపెట్టి చూడండి: 1, 3, 5, 2, 4.

మరి నోమ్ రోటరీ ఇంజన్ ముందు అంజానీ ఎందుకు వెనకబడింది?

సెగాన్ సోదరుల నోమ్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ కదలదు. సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి. అలా తిరగడం వల్ల అవే గాలిని కోసుకుంటూ చల్లబడతాయి. 75 కిలోల బరువుకి 50 హెచ్‌పీ. అంటే ఒక హెచ్‌పీకి కిలోన్నర. అంజానీ ఫ్యాన్ ఇంజన్‌లో ఒక హెచ్‌పీకి రెండున్నర కిలోల పైనే. ఈ ఒక్క తేడా చాలు. 1910లో ఆల్ప్స్ మీదుగా ఎగిరిన చావెజ్, 1912లో ఛానల్ దాటిన మొదటి మహిళ హారియెట్ క్వింబీ ఇద్దరూ బ్లేరియో విమానాలే నడిపారు. ఇంజన్లు మాత్రం నోమ్‌వి.

రోటరీలకి పెట్రోలులో కలిసిపోని ఆయిల్ కావాలి. అందుకు వాడింది మన ఆముదమే. వాడిన ఆముదమంతా పొగతో బయటికి పోయి పైలట్ మొహాన కొట్టేది.

యుద్ధంలో అంజానీలు వాడారా?

వాడారు. కోద్రోన్ కంపెనీ విమానాలు కొన్నిటికి పది సిలిండర్ల అంజానీ ఉండేది. చిన్న ఇంజన్లకి ఇంకో పని దొరికింది. ఫ్రాన్స్ శిక్షణ కేంద్రాల్లో రెక్కలు కత్తిరించిన బ్లేరియోలు ఉండేవి. వాటిని పెంగ్విన్లు అనేవారు. అవి ఎగరవు. అంజానీ ఇంజన్‌తో నేల మీద పరిగెత్తుతాయంతే. కొత్త కుర్రాళ్లు వాటిని తిన్నగా నడపడం నేర్చుకున్నాకే అసలు విమానం ఎక్కనిచ్చేవారు.

బ్రిటిష్ అంజానీ అంటే ఇదేనా?

పేరు, మూలం ఇవే. 1912లో లండన్‌లో మొదలైంది. తర్వాత తన దారి తాను చూసుకుంది. మోటార్‌సైకిళ్లకి, మోర్గాన్ మూడు చక్రాల బండ్లకి, ఫ్రేజర్ నాష్ కార్లకి ఇంజన్లు చేసింది. రెండో యుద్ధం తర్వాత పడవల వెనక తగిలించే మోటార్లు చేసింది.

ఫ్రాన్స్‌లోని అసలు కంపెనీ ఏమైంది?

1915 తర్వాత యుద్ధ విమానాలకి 150, 200 హెచ్‌పీ మామూలైంది. నీళ్లతో చల్లబడే హిస్పానో-సుయిజా వి-8 లాంటివి వచ్చాయి. అలాంటివి వేల సంఖ్యలో చేయాలంటే పెద్ద పెట్టుబడి, పెద్ద యంత్రాలు, ప్రభుత్వ ఆర్డర్లు కావాలి. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన ఇంజన్లు మార్కెట్లో కుప్పలుగా పడ్డాయి. కొత్తది కొనేవాళ్లు తగ్గారు. 1920ల్లో అంజానీ తన వ్యాపారాన్ని విమానాల తయారీదారు ఆన్రీ పోటెజ్‌కి అప్పగించాడు. పోటెజ్ చిన్న రేడియల్ ఇంజన్లకి పునాది ఆ డిజైన్లే.

తెలుగు నేలతో ఈ చరిత్రకి ఏమైనా లింకు ఉందా?

ప్రత్యర్థి వైపు నుంచి ఉంది. నోమ్ కంపెనీ తర్వాత నోమ్-రోన్ అయింది. 1945లో ప్రభుత్వం తీసుకుని స్నెక్మా చేసింది, ఇప్పుడది సఫ్రాన్‌లో భాగం. ఆ సఫ్రాన్ హైదరాబాద్‌లో పెట్టిన ఫ్యాక్టరీలో నేటి లీప్ జెట్ ఇంజన్ల భాగాలు తయారవుతున్నాయి. ఆముదం చిమ్మిన ఆ రోటరీ వారసత్వం శంషాబాద్ దాకా వచ్చింది.

అంజానీ ఇంజన్‌ని ఇప్పుడు చూడొచ్చా? నడవడం వినొచ్చా?

ఛానల్ దాటిన అసలు విమానం పారిస్‌లోని ఆర్ట్స్ ఎ మెతియే మ్యూజియంలో ఉంది. అది కదలదు, చూడటానికే. ఇంజన్ నడుస్తుంటే చూడాలంటే ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్ వెళ్లాలి. అక్కడి షటిల్‌వర్త్ సేకరణలో 1909 నాటి బ్లేరియో ఉంది, ముందు మూడు సిలిండర్ల విసనకర్ర అంజానీ. ఇప్పటికీ గాలిలోకి లేచే విమానాల్లో అన్నిటికంటే పాతది అదే. వై ఆకారపు అంజానీ ఉన్న 1910 నాటి డెపెర్దుస్సాన్ కూడా అక్కడే ఉంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఓల్డ్ రైన్‌బెక్‌లో ఇంకో బ్లేరియో ఉంది, దానిది కూడా వై అంజానీయే. లండన్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఇవి ఒక్క రోజులో వెళ్లి రాగల దూరాలే.

వెళితే గాలి లేని సాయంత్రం కోసం ఓపికగా ఆగండి. చిన్న గాలికి కూడా దాన్ని బయటికి తీయరు. తీసినా రన్‌వే మీద తిన్నగా కొన్ని అడుగుల ఎత్తున ఒక గెంతు వేయించి దించేస్తారు, వందేళ్లు దాటిన ఇనుముని అంతకంటే కష్టపెట్టరు. స్టార్ట్ చేసేటప్పుడు దగ్గర్లో నిలబడి చెవి పెట్టండి. పొలాల్లో పాత ఆయిల్ ఇంజన్లు లయగా డుగ్ డుగ్ అంటాయి కదా, ఇది అలా అనదు. రెండు దెబ్బలు దగ్గరగా, మధ్యలో ఒక తడబాటు, మళ్లీ దెబ్బ. విసనకర్ర ఆకారంలో అసమానంగా వచ్చే పేలుళ్లని మీరు అక్కడ నేరుగా వింటున్నారు. ఆ వెంటనే రంధ్రాల్లోంచి నీలం పొగ, కాలిన ఆయిల్ వాసన వస్తాయి.